గీతకు ముందు మాట

"బాబూ, చిన్న పనే. మా షాపు పేరు కాస్త అందంగా రాసి పెట్టాలి. ఎంతోకొంత ఇస్తాలే, ముందు చేసి చూపించు."

విజయవాడలోనో వరంగల్‌లోనో ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకునే డిజైన్ ఆఫీసుకు ఇలాంటి ఫోను తరచూ వస్తూనే ఉంటుంది. చేసింది నాన్న స్నేహితుడో, పాత క్లయింటు బావమరిదో అయి ఉంటాడు. ఆ మాటల్లో మోసమేమీ లేదు. ఆయన దృష్టిలో అది నిజంగానే చిన్న పని, పేరు రాయడమే కదా! కానీ పని ఎంత, ధర ఎంత, ఎన్నిసార్లు మార్చాలి, డబ్బు ఎప్పుడు అన్న నాలుగు సంగతులు తేలకుండా ఉండిపోయాయి. "అలాగే అంకుల్" అని ఫోను పెట్టేసిన కుర్రాడు ఆ నాలుగింటి బరువూ తన నెత్తికి ఎత్తుకున్నాడు.

దీనికి తెలుగులో ఒకే మాట ఉంది: మొహమాటం. అడగందే అమ్మయినా పెట్టదని ఎదుటివాళ్లకు చెప్పే మనుషులే, తమ పనికి ధర చెప్పాల్సి వచ్చేసరికి గొంతు సవరించుకుని ఊరుకుంటారు. చిన్న ఏజెన్సీలో ఈ జబ్బు మరీ ఎక్కువ. పెద్ద ఏజెన్సీలో క్లయింటుతో మాట్లాడేది ఒకరు, గీసేది మరొకరు, బాకీ వసూలు చేసేది అకౌంట్స్ విభాగం. చిన్న ఆఫీసులో ఈ మూడూ ఒకే మనిషి. పొద్దున ఎంతో ఇష్టంగా గీసిన చేతితోనే సాయంత్రం డబ్బడగాలి. తన బొమ్మకు తానే వెల కట్టడం చాలామందికి సిగ్గుగా ఉంటుంది. అందుకే ఇలాంటి ఆఫీసులు ఎక్కువగా అలసిపోయేది పని వల్ల కాదు, పనికి ముందు మాట్లాడుకోని సంగతుల వల్ల. ఆ మాట్లాడుకోవడం ఎలాగన్నదే ఈ అధ్యాయం.

1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో కరోలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని గ్రాఫిక్ డిజైన్ చదువుతుండేది. అక్కడే అకౌంటింగ్ పాఠాలు చెప్పే ఫిల్ నైట్ తన బూట్ల కంపెనీకి ఒక గుర్తు గీసిపెట్టమని అడిగాడు. మాట్లాడుకున్న రేటు గంటకు 2 డాలర్లు. ఆమె ఇచ్చిన బిల్లు 35 డాలర్లు. అంటే రేటు లెక్కన పదిహేడున్నర గంటల పని. ఆ గుర్తే నేటి నైకీ స్వూష్. 1983లో కంపెనీ ఆమెను పిలిచి వజ్రపుటుంగరం, కొన్ని షేర్లు కానుకగా ఇచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది 35 డాలర్ల దగ్గర అయ్యో అని ఆగిపోతారు. కానీ ఆ అమ్మాయి ముందే రేటు మాట్లాడుకుంది, పని ముగిశాక బిల్లు ఇచ్చింది. పదేళ్లుగా నడుస్తున్న ఏజెన్సీల్లోనూ ఈ రెండూ లేనివి ఎన్నో ఉన్నాయి. ఆమె దగ్గర లోపించింది ఒక్కటే: తన గంటలకు ధర కట్టింది కానీ, ఆ గుర్తు వాళ్లకు ఎంతకాలం, ఎంత దూరం పనికొస్తుందో దానికి కట్టలేదు. చదువుకునే పిల్లకు ఆ ఊహ రాకపోవడంలో వింతేమీ లేదు. జీతాలిచ్చి ఆఫీసు నడిపేవాళ్లకు మాత్రం రావాలి.

అయినా గంటల లెక్క తెలియకుండా మిగతాది తెలియదు. ముగ్గురుండే ఆఫీసు ఒకటి అనుకుందాం. అద్దె 15 వేలు, ఇద్దరి జీతాలు 50 వేలు, నడిపే మనిషి ఇంటికి తీసుకెళ్లాల్సింది 40 వేలు, సాఫ్ట్‌వేర్, కరెంటు, ఇంటర్నెట్, పెట్రోలు కలిపి ఇంకో 15 వేలు. నెలకు లక్షా 20 వేలు. ముగ్గురూ నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే 600 గంటలు. అందులో సగం మీటింగులకు తిరగడానికి, కొటేషన్లకు, ప్రెస్సు దగ్గర కాపలాకు, బాకీల ఫోన్లకు పోతుంది. బిల్లు వేయగలిగేది మిగిలిన 300 గంటలకే. అంటే గంటకు 400 రూపాయలు వస్తేనే ఆఫీసు తలుపు తెరిచి ఉంటుంది. అప్పటికి లాభం ఒక్క రూపాయీ లేదు. 5 వేలకు ఒప్పుకున్న లోగో పన్నెండున్నర గంటలు దాటిందంటే అక్కణ్నుంచి ప్రతి గంటా చేతి డబ్బే. మూడో కరెక్షన్ వచ్చేసరికే ఆ గీత దాటిపోతుంది. ఏ ఏజెన్సీ అయినా తన అంకెలతో ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే, ఆ రోజు నుంచి ఫోనులో గొంతు మారుతుంది. 400 అన్నది క్లయింటుకు చెప్పాల్సిన ధర కాదు. అంతకు తగ్గితే ఒప్పుకోకూడదని ఏజెన్సీ తనకు తాను చెప్పుకోవాల్సిన అంకె.

డేవిడ్సన్‌కు పూర్తిగా అవతలి కొసన నిలిచే డిజైనర్ పాల్ ర్యాండ్. ఆపిల్ వదిలి నెక్స్ట్ అనే కంపెనీ పెట్టుకున్న స్టీవ్ జాబ్స్ 1986లో లోగో కోసం ర్యాండ్ దగ్గరికి వెళ్లాడు. ఫీజు లక్ష డాలర్లు. నాలుగైదు రకాలు గీసి చూపిస్తారా అని జాబ్స్ అడిగాడు. నీ సమస్య పరిష్కరించడం నా పని, డబ్బివ్వడం నీ పని, వాడుకుంటావో మానతావో నీ ఇష్టం, రకరకాలు కావాలంటే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లు అన్న అర్థంలో ర్యాండ్ జవాబిచ్చాడని జాబ్స్ స్వయంగా ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ర్యాండ్ ఇచ్చింది ఒకే ఒక్క లోగో. దాని వెనకున్న ఆలోచనను పేజీ పేజీకీ వివరిస్తూ ఒక పుస్తకం కూడా చేతిలో పెట్టాడు.

డెబ్బై దాటిన ర్యాండ్ వెనక ఐబీఎం, యూపీఎస్ లోగోలున్నాయి. నిన్నగాక మొన్న బోర్డు పెట్టినవాళ్లు అలా మాట్లాడలేరు, మాట్లాడనక్కర్లేదు. కానీ ఆయన చేసిన పనిలో ఒక భాగం ఎవరైనా చేయగలరు. నచ్చడాన్నీ డబ్బివ్వడాన్నీ ఆయన విడదీశాడు. "నచ్చితే ఇస్తాను" అన్న షరతుకు ఒప్పుకుంటే ఏజెన్సీ చేసేది పని కాదు, జూదం. సగం అడ్వాన్సు తీసుకుని మొదలుపెట్టడానికి పెద్ద పేరు అక్కర్లేదు. వీధి చివర టైలరు అడ్వాన్సు తీసుకునే గుడ్డ కత్తిరిస్తాడు, పెళ్లి వంటవాళ్లు అడ్వాన్సు తీసుకునే పొయ్యి వెలిగిస్తారు. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు.

ముందు మాట వల్ల డబ్బే కాదు, స్వేచ్ఛ కూడా వస్తుందనడానికి మన దేశంలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1966లో అమూల్ వెన్న ప్రచారం బొంబాయిలోని ఏఎస్‌పీ అనే ఏజెన్సీ చేతికొచ్చింది. ఏజెన్సీని నడుపుతున్నది సిల్వెస్టర్ డకున్హా, ఆర్ట్ డైరెక్టర్ యూస్టస్ ఫెర్నాండెజ్. వెన్న బజారులో అప్పటికే పోల్సన్ పేరు గట్టిగా పాతుకుపోయి ఉంది, దాని బొమ్మ కూడా ఒక అమ్మాయే. దానికి దీటుగా గీసిందే చుక్కల గౌను, నీలిరంగు జుట్టు, బుగ్గలున్న అమూల్ పాప. అంత తేలిక గీతలతో ఉండటం వెనక ఒక ఆచరణ కారణం ఉంది. ఆ రోజుల్లో హోర్డింగులు చేత్తో రంగులేసేవి. బొమ్మ మాటిమాటికీ మారాలి, పెయింటరు త్వరగా వేయగలగాలి, దూరం నుంచి గుర్తుపట్టాలి. మెరుపు ఆలోచన అనుకునేదాంట్లో సగం ఇలాంటి లెక్కలే ఉంటాయి. ఏ గోడ మీద, ఎవరి చేత్తో, ఎన్ని రోజులకోసారి అన్నది ముందే తెలిసినవాడు గీసిన గీత అది.

గుర్రప్పందేల కాలంలో పాప గుర్రమెక్కింది. ఆ తర్వాత ఊళ్లో ఏది జరిగితే అది హోర్డింగు మీదికొచ్చింది. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లతో దేశం అట్టుడికిన 1976లో కూడా 'స్టెరిలైజేషన్' అన్న మాట మీదే, పాలను శుద్ధి చేయడమనే అర్థం కలిసొచ్చేలా ఒక ప్రకటన పెట్టగలిగారు. ఎలా సాధ్యమైంది? అమూల్‌ను నడుపుతున్న వర్గీస్ కురియన్ డకున్హాకు మొదట్లోనే ఒక మాట ఇచ్చాడు: ప్రకటనలు ముందుగా తనకు చూపించి ఒప్పించుకోనక్కర్లేదు. వార్త మీద నడిచే ప్రచారానికి ఇది ఊపిరి. పొద్దున జరిగిన సంగతికి నలుగురు అధికారుల సంతకాలు పడేలోపు అది పాతబడిపోతుంది. కురియన్ ఆనంద్ పాల సహకార సంఘానికి పనిచేస్తున్న ఇంజనీరు. తనకు రాని పనిని వచ్చినవాళ్లకు వదిలేయడం ఆయన గొప్పతనం. ఆ వదిలేయడాన్ని స్పష్టంగా మాట రూపంలో తీసుకోవడం డకున్హా తెలివి.

తర్వాత ఆ పని డకున్హాల సొంత ఏజెన్సీ చూసుకుంది. 1990ల నుంచి కొడుకు రాహుల్, రచయిత మనీష్ ఝవేరీ, చిత్రకారుడు జయంత్ రాణే కలిసి నడిపించారు. దేశమంతా ఎదురుచూసే ప్రచారం పట్టుమని ముగ్గురి చుట్టూ తిరిగింది. చిన్న ఏజెన్సీ పెద్ద పని చేయలేదనే అనుమానం ఎవరికైనా ఉంటే ఈ ఒక్క సంగతి చాలు. సిల్వెస్టర్ డకున్హా 2023 జూన్‌లో కన్నుమూసే నాటికి ఆ పాప వయసు యాభై ఏడేళ్లు.

ఇప్పుడు మళ్లీ మన అంకుల్ షాపు దగ్గరికి వద్దాం. ఆయనను ఏమడగాలి?

మొదట అడగాల్సింది, షాపుకు ఎవరొస్తారని. రంగులు, అక్షరాల సంగతి తర్వాత. దీనికి తెలుగువాళ్లకు గురువు కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు ఆయన సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచిపెట్టించారు. గంటల తరబడి కదలకుండా కూర్చునే జనం ఎక్కడుంటారో, అక్కడ తలనొప్పి కూడా ఉంటుంది కదా! 1908లో ఆంధ్రపత్రిక పెట్టేనాటికి, సరుకును జనంలోకి ఎలా తీసుకెళ్లాలో ఆయనకు పదిహేనేళ్ల అనుభవం ఉంది. న్యూయార్క్‌లో 1949లో చిన్నగా మొదలైన డోయల్ డేన్ బెర్న్‌బాక్ ఏజెన్సీ వాళ్లూ పదేళ్ల తర్వాత ఫోక్స్‌వ్యాగన్ పని వచ్చినప్పుడు జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీకి వెళ్లి కారు తయారీ కళ్లారా చూశారు. మన కుర్రాడు జర్మనీ వెళ్లనక్కర్లేదు. శనివారం సాయంత్రం రెండు గంటలు ఆ షాపులో ఒక మూల కూర్చుంటే చాలు. ఎవరొస్తున్నారు, ఏమడుగుతున్నారు, బోర్డు ఏ వైపు నుంచి కనిపిస్తోంది, చెట్టుకొమ్మ అడ్డమొస్తోందా అన్నవన్నీ అక్కడే తెలుస్తాయి.

తర్వాత, "ఫైనల్ అని చెప్పేది ఎవరు?" ఈ ప్రశ్న అడగనందుకు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆయన ఓకే అన్న డిజైన్ ఇంటికెళ్లి భార్యకు, అమెరికాలో ఉన్న అల్లుడికి, వాస్తు చూసే ఆయనకు చేరుతుంది. పసుపు వద్దని ఒకరు, ఎరుపు ఉండాల్సిందేనని ఒకరు. వాళ్ల అభిప్రాయాలు వినకూడదని కాదు. మొదటి రోజే విని ఉంటే అది సమాచారం. చివరి రోజు వింటే అది కరెక్షన్.

తెలుగు అక్షరాల గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన భాషలో చేసే పనికి ఇక్కడ అదనపు సమయం పడుతుంది. మన డీటీపీ సెంటర్లలో చాలావాటిలో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లలోనే టైపు చేస్తారు. ఆ మేటర్ వెబ్‌సైటుకో ఫోనుకో పంపాలంటే మార్చుకోవాలి, మార్చినప్పుడు అక్షరాలు చెదురుతాయి, మళ్లీ ప్రూఫ్ చూడాలి. యూనికోడ్‌లో పనిచేసినా ఫొటోషాప్, ఇలస్ట్రేటర్‌లలో దక్షిణాసియా భాషల సెట్టింగు పెట్టకపోతే వత్తులు కలవవు. "ప్రారంభోత్సవం" కాస్తా "ప్‌రారంభోత్‌సవం" అయి కూర్చుంటుంది. అదే ఫ్లెక్సీ మీదికెక్కితే ఊరంతా చూస్తుంది. ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఎక్కడో దొరికిన దొంగ కాపీ ఫాంటుతో క్లయింటు లోగో చేయడం ఆయన్ను చిక్కులో పడేయడమే. ప్రెస్సుకు పంపే ముందు పేరు, ఫోను నంబరు, తేదీ, అడ్రసు నాలుగూ క్లయింటు చేతే పైకి చదివించి, ప్రింటు మీద సంతకం తీసుకునే అలవాటు ఎన్నో గొడవల్ని పుట్టకుండా ఆపుతుంది.

ఇక డబ్బు. ఇక్కడ మొహమాటానికి చట్టం తోడుంది, కానీ చాలామందికి ఆ తోడు సంగతే తెలియదు. చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. అది ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి పని తీసుకున్నవాళ్లు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో డబ్బు కట్టాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. దీనికి తోడు, గడువులోగా కట్టని బిల్లును కట్టేదాకా ఖర్చుగా చూపించుకోనివ్వకుండా 2023 ఫైనాన్స్ చట్టం ఆదాయపు పన్నులో కొత్త నిబంధన తెచ్చింది. కాబట్టి బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేస్తే, మార్చి నెలలో క్లయింటు ఆడిటరే ఫోను చేసి "వీళ్ల బాకీ తీర్చేయండి" అని చెప్పే అవకాశం ఉంది. ఏజెన్సీ నోరు తెరవాల్సిన పని కూడా ఉండదు.

జీఎస్టీ మాత్రం ఒక ఉచ్చు. ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్టరు కావాలి, డిజైన్, ప్రకటన సేవలపై 18 శాతం. లక్ష రూపాయల బిల్లు ఇచ్చేస్తే, క్లయింటు పైసా ఇవ్వకపోయినా, నెలవారీ రిటర్ను వేసేవాళ్లు 18 వేలు తర్వాతి నెల 20లోగా ప్రభుత్వానికి కట్టాల్సిందే. రాని డబ్బు మీద పన్ను కట్టడానికి అప్పు చేసిన చిన్న ఏజెన్సీలు ఉన్నాయి. అడ్వాన్సు ఎందుకడగాలో ఎవరికైనా వివరించాల్సి వస్తే, ఇంతకంటే మంచి కారణం లేదు.

హక్కుల సంగతి రెండు మాటల్లో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి డ్యూటీలో భాగంగా చేసిన పని మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిది. బయటి ఫ్రీలాన్సరు చేత గీయించుకుంటే ఆ సంగతి విడిగా రాయించుకోవాలి. హక్కుల బదిలీ రాతలోనే ఉండాలి, ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అని చట్టం భావిస్తుంది. "ఓపెన్ ఫైల్ కూడా ఇచ్చెయ్యి తమ్ముడూ" అని క్లయింటు అడిగేది కూడా ఈ కోవలోదే. ఇస్తారా, ఇస్తే దానికి ధర ఎంత అన్నది మొదటి రోజే తేలాలి.

బయటివాళ్లతో ఇంత పద్ధతిగా మాట్లాడి లోపలివాళ్ల దగ్గర మౌనంగా ఉంటే ఫలితం లేదు. తెలుగు ఊళ్లలో ఈ పని పండగలతో, కాలేజీలతో నడుస్తుంది. వేసవిలో అడ్మిషన్ల కరపత్రాలు, అక్షయ తృతీయకు నగల షాపులు, ఆషాఢంలో బట్టల తగ్గింపు, శ్రావణంలో పెళ్లిళ్లు, ఆ వెంటనే దసరా, దీపావళి, సంక్రాంతి. ఈ క్యాలెండరు ఏటా వచ్చేదే. అయినా ప్రతి ఆషాఢానికీ అకస్మాత్తుగా వచ్చినట్టు పిల్లల్ని అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టే ఆఫీసులున్నాయి. ఆ నెలలో ఎన్ని రాత్రులు ఉండాల్సి వస్తుందో ముందే చెప్పి, దానికి బదులు సెలవో డబ్బో ఏదిస్తారో కూడా చెబితే కుర్రాళ్లు మనస్ఫూర్తిగా ఉంటారు. ఇరవై మూడేళ్ల అమ్మాయి చేసిన డిజైన్‌ను క్లయింటు ముందు పెట్టేటప్పుడు "ఇది మా అమ్మాయి చేసింది" అని పేరు చెప్పి పరిచయం చేయడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం కోసం ఆమె మరో ఏడాది అక్కడే ఉండొచ్చు. జీతం పెంచలేని నెలల్లో ఈ మాటకు ఉన్న విలువ అనుభవం మీద గానీ తెలియదు.

ఇన్ని సంగతులూ అంకుల్‌తో ఫోనులో చెప్పలేమనిపిస్తే, చెప్పనక్కర్లేదు. మొహం ఎదురుగా లేనప్పుడు మొహమాటం కొంత తగ్గుతుంది. ఆ సాయంత్రమే ఒక వాట్సాప్ సందేశం పంపొచ్చు:

"నమస్తే అంకుల్. మనం అనుకున్న పని: షాపు లోగో ఒకటి, బోర్డు డిజైన్ ఒకటి, విజిటింగ్ కార్డు ఒకటి. మొత్తం 18,000 రూపాయలు, జీఎస్టీ అదనం. మొదలుపెట్టేటప్పుడు సగం, ఫైళ్లు ఇచ్చే రోజు సగం. కరెక్షన్లు రెండుసార్లు ఇందులోనే. ఆపైన ఒక్కోసారికి 1,500. అడ్వాన్సు అందిన పది రోజుల్లో మొదటి డిజైన్ చూపిస్తాను. మీకు సరేనంటే 'సరే' అని ఒక్క మాట పెట్టండి. శనివారం సాయంత్రం షాపుకొచ్చి కాసేపు కూర్చుంటాను."

కాసేపటికి జవాబొస్తుంది. "సరే బాబూ. కాకపోతే డిజైను మా పెద్దాడికి కూడా చూపించాలి, వాడికి నచ్చాలి."

"అయితే అంకుల్, శనివారం అన్నయ్యను కూడా షాపు దగ్గరే ఉండమనండి. ఏం కావాలో ఆయన్నీ అడిగే మొదలుపెడతాను."